ఎటు నుంచి చదివినా కంటకమే

మా నాన్న యుద్ధం మొదలుపెట్టడానికి కారణం నేనే. నాకు ఆ ఉద్దేశం లేదు. స్నానానికి వెళ్తూ ఒక పుస్తకాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళాను, అంతే.

అది గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న జపాను బొమ్మల కథ. మాంగా అంటారు. అందులో ఎవరూ కూర్చుని పోట్లాడుకోరు, గాల్లోకి ఎగిరి పోట్లాడుకుంటారు. ఆ పుస్తకాలను కుడి నుంచి ఎడమకు చదవాలి. మనకు చివరి అట్ట అనిపించేదే వాటికి మొదటి అట్ట. ఆ సంగతి నాన్నకు తెలియదు. ఆయన అన్ని పుస్తకాల లాగే ఎడమ నుంచి మొదలుపెట్టారు. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి పుస్తకం పూర్తి చేసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అమ్మడూ, ఇదీ కథంటే! మొదటి పేజీలోనే అందరూ చచ్చి పడి ఉంటారు. తర్వాత ఒక్కొక్కడే లేస్తాడు. ఒంట్లో దిగిన కత్తులు బయటికొచ్చి బుద్ధిగా ఒరల్లోకి వెళ్ళిపోతాయి. కూలిన కోట ఇటుక ఇటుకా లేచి నిలబడుతుంది. చివరికి అందరూ సంచులు తగిలించుకుని బడికి పోతారు. ఎంత మంచి మనసే ఆ రాసినాయనది!"

"నాన్నా, నువ్వు వెనక నుంచి చదివావు."

నాన్న పుస్తకాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆ తిప్పడంలోనే మా కొంప కూడా తిరగబడింది.

మా నాన్న బోర్డులు రాసే పెయింటరు. మా వీధిలో కొట్ల పేర్లన్నీ ఆయన చేతిరాతే. ఆయన రాసిన 'క్ష' చూడటానికి పక్క వీధి నుంచి జనం వస్తారని ఆయనే చెబుతారు. వచ్చినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ బట్టలు కుడుతుంది. ఇన్నేళ్ళూ ఇంటి వెనక గదిలో, ఒంటికన్ను కిటికీ పక్కన కూర్చుని కుట్టింది. ఇప్పుడు వీధి మొదట్లో చిన్న కొట్టు అద్దెకు తీసుకుంది. ఆదివారం పొద్దున్న తెరవాలి. ఆ కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఐదు నిమిషాల దర్జీ ఉన్నాడు. ఎప్పుడడిగినా "ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తా" అంటాడు కాబట్టి ఆ పేరు. ఒకావిడ బడికి వెళ్ళే పిల్లాడికి నిక్కరు కుట్టమని ఇస్తే, అది చేతికొచ్చేసరికి పిల్లాడికి మీసాలొచ్చాయట. అయినా ఆయన కొట్టు నిండా జనమే. ఎందుకంటే ఆయన బోర్డు చుట్టూ రంగు బల్బులు పరిగెడుతుంటాయి.

అమ్మకు కావలసింది ఒక్కటే, దారిన పోయేవాళ్ళు తలెత్తి చూసే బోర్డు. అది లేకపోతే ఆ కొట్టు తలుపున్న గోడ.

"ఊళ్ళో వాళ్ళందరి బోర్డులూ రాస్తారు," అంటుంది అమ్మ. "ఇంట్లోదాని బోర్డు రాయమంటే మాత్రం మీ కుంచెకు జలుబు చేస్తుంది."

"ఆలోచిస్తున్నానే. నీది మామూలు బోర్డా?"

"మామూలుదే చాలండీ. మామూలుది కూడా రావడం లేదు కదా!"

నాన్న నిజంగానే ఆలోచిస్తున్నారు, కానీ బోర్డు గురించి కాదు. గ్రంథాలయం గోడ మీద ఒక వారపత్రిక వాళ్ళు కాగితం అంటించారు. యుద్ధ బొమ్మల కథల పోటీ. గెలిచిన కథను వారం వారం అచ్చు వేస్తారు. ఆఖరు తేదీ కూడా అమ్మ కొట్టు తెరిచే ముందు రోజే, శనివారం.

నాన్న నన్ను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించారు. "మనం ఒక యుద్ధం గీస్తున్నాం. జపాను పద్ధతిలో కుడి నుంచి చదివితే యుద్ధం. మన పద్ధతిలో ఎడమ నుంచి చదివితే శాంతి. ఒకటే పుస్తకం! లోకంలో ఇంతవరకు ఎవడికీ తట్టలేదు."

"చాలా కష్టం నాన్నా."

"కష్టం గీసేవాడికి. ఆలోచించేవాడికి ఏం కష్టం?"

"గీసేదెవరు?"

నాన్న కాసేపు ఆకాశం వైపు చూసి, "నేనే అనుకో," అన్నారు.

"అమ్మ అడిగితే?"

"బోర్డుకు డిజైన్లు గీస్తున్నానని నేను చెప్తా. నువ్వేం చెప్పక్కర్లేదు. ఎలాగూ నువ్వు ఎవరితోనూ నోరు విప్పవు. అదే మన బలం."

కథ రెండు వైపుల నుంచీ చదవాలి కాబట్టి పేర్లు కూడా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండాలన్నారు. కథానాయకుడి పేరు ధీరధీ. అక్కడి దాకా గంభీరంగానే ఉంది. తర్వాత మాటలు దొరకలేదు. దాంతో సేనాపతి పేరు కునుకు అయింది, గుర్రం పేరు పులుపు అయింది. గూఢచారికి కిటికి అని పెట్టారు. దానికి చివర దీర్ఘం ఉండాలి కదా అంటే, "గూఢచారి కదమ్మా, దీర్ఘం దాచుకున్నాడు," అన్నారు. ఏడు లోకాలను గడగడలాడించే దుర్మార్గురాలి పేరు కంటకం. ఆ పేరు వేసినప్పుడు నాన్న తన భుజం తానే తట్టుకున్నారు.

ఇక గీయడం మొదలైంది.

మా నాన్నను అందరూ చెయ్యి తిరిగిన పెయింటరు అంటారు. చెయ్యి గీయాల్సి వచ్చేసరికి ఆయనకు తల తిరిగింది. ఇరవై ఏళ్ళుగా అక్షరాలే రాశారు, అక్షరాలకు చేతులుండవు. మొదట గీసిన చెయ్యి అల్లం కొమ్ములా వచ్చింది. రెండోది చీపురులా వచ్చింది. మూడోదానికి ఆరు వేళ్ళు లెక్కపెట్టి చూపించాను. "యుద్ధం కదా, ఒకటి తెగితే ఇంకోటి ఉంటుంది," అన్నారు. చివరికి చేతులు గీయలేక చేతులెత్తేశారు.

అయితే మా నాన్న ఊహ ఎప్పుడూ ఓడిపోదు. ధీరధీ చేత ఒక ప్రతిజ్ఞ చేయించారు. లోకంలో అన్యాయం అంతమయ్యేదాకా చేతులు వెనక్కి కట్టుకునే ఉంటాడట. సేనాపతి కునుకు దుప్పటి కప్పుకున్నాడు. కిటికి ఎప్పుడూ కిటికీ అవతలే, తల మాత్రం కనిపిస్తుంది. శత్రుసైన్యం వేలకు వేలు, అందరి చేతులూ జేబుల్లోనే. జేబుల్లో చేతులు పెట్టుకుని యుద్ధానికి వచ్చిన సైన్యం ప్రపంచంలో అదొక్కటే అయి ఉంటుంది.

గుర్రాల కాళ్ళదీ అదే గొడవ. అందుకని గుర్రం వచ్చినచోటల్లా ధూళి లేచింది. ఆ ధూళి నా వాటా. పేజీలకు పేజీలు చుక్కలు పెట్టాను. చుక్కలు పెట్టి పెట్టి, బడిలో వ్యాసం రాస్తూ పూర్ణవిరామం దగ్గర ఆగలేక ఇంకో పాతిక పెట్టేశాను.

అక్షరాలు మాత్రం అద్భుతం. కత్తి తగిలితే 'ధన్' అనే మాట పేజీ అంతా పరుచుకునేది, వెనకాల నీడ, అంచుకు మెరుపు. కాకపోతే చేతికి అలవాటైన మాటలు కూడా వచ్చి పడేవి. ధీరధీ యుద్ధానికి పిలుస్తూ "రండి! దయచేయండి!" అన్నాడు. కంటకం కోట గుమ్మం మీద "మాకు వేరెక్కడా బ్రాంచీలు లేవు" అని పడింది. నేలకొరిగిన ఒక ముసలి వీరుడి పక్కన నాన్న ఏమరుపాటున "సోమవారం సెలవు" అని రాసేశారు. చెరిపేద్దామంటే, "ఉండనీ, పాపం, విశ్రాంతి తీసుకుంటాడు," అన్నారు.

కంటకం ముఖం మాత్రం ప్రాణంతో వచ్చింది. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి. పెదవుల మధ్య గుండుసూది. మెడలో కొలత టేపు, పాములా.

"నాన్నా, ఇది అమ్మ."

"ఛఛ! ఏదో పోలిక."

చెరిపి మళ్ళీ గీశారు. మళ్ళీ అమ్మే వచ్చింది. కళ్ళు పెద్దవి చేసి, జుట్టు విరబోసి చూశారు. అమ్మ తలంటుకున్నట్టు ఉంది.

"నాకొచ్చిన ఆడముఖం ఇదొక్కటేనే తల్లీ," అన్నారు నాన్న దీనంగా.

సరిగ్గా అప్పుడే అమ్మ గదిలోకి వచ్చింది. నాన్న కంటకం బొమ్మ మీద కూర్చున్నారు. మిగతా కాగితాలు దాచే వీలు లేక నేల మీద పరుచుకునే ఉన్నాయి.

"ఏంటండీ ఇవి?"

"నీ బోర్డు డిజైన్లే."

అమ్మ ఒక కాగితం తీసింది. "నా బోర్డు మీద పొగెందుకు?"

"పొగ కాదు, ధూళి."

"నేను కొట్టు ఊడవననా?"

"కాదే, గుర్రాలు పరిగెడుతున్నాయి."

"గుర్రాలేవి?"

"ధూళిలో ఉన్నాయి."

అమ్మ ఇంకో కాగితం తీసింది. "చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, ఎవరీ దొంగ?"

"ధీరధీ."

"జలుబు కుంచెకనుకున్నా, మీక్కూడానా?"

"తుమ్ము కాదే, పేరు!"

అమ్మ కాగితాలన్నీ సర్దింది. ఎడమ కనుబొమ్మ పైకి లేచింది. నాన్న, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అచ్చు కంటకం.

"మంచిదేనండీ. నా బోర్డు కోసం ఇంత కష్టపడుతున్నారని తెలియక ఏదేదో అన్నాను. ఇలా బొమ్మల్లోనే వేయండి. మూడు బొమ్మలు చాలు. చిరిగిన బట్టలతో ఒకడు వస్తాడు, నేను కుడతాను, వాడు దొరబాబులా వెళ్తాడు. చదువు రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది. శనివారం సాయంత్రానికి ఇచ్చేయండి."

నాన్న చెప్పిన అబద్ధం నిచ్చెనేసుకుని వచ్చి ఆయన నెత్తినే కూర్చుంది.

శనివారం పొద్దున్నే నాన్న, నేను యుద్ధం మూట కట్టుకుని పత్రిక ఆఫీసుకు వెళ్ళాం. సంపాదకుడు దళసరి కళ్ళద్దాల పెద్దమనిషి. రాసి రాసి ఆయన కోటు మోచేతి దగ్గర చిరిగిపోయింది. కుడి నుంచి చదివాడు. ఎడమ నుంచి చదివాడు. ఒక పేజీని తలకిందులుగా కూడా చూశాడు.

"ఏడు లోకాలన్నారు?" అన్నాడు.

"ఉన్నాయండి. ధూళి వెనక," అన్నారు నాన్న.

"ఊహ ఆకాశంలో ఉందండీ. చెయ్యే..." అని ఆయన వెతికాడు. "చెయ్యే ఎక్కడా లేదు. అసలీ కంటకం ఎవరు? కథ మొత్తంలో బతికున్న మనిషి ఈవిడొక్కతే. సరే, ఉంచి వెళ్ళండి, మళ్ళీ చూస్తాను."

నాన్న ఆ "మళ్ళీ చూస్తాను" అన్న ముక్కను దారి పొడవునా ముద్దు చేసుకుంటూ నడిచారు. ఇంటికి రాగానే బోర్డు ముందు కూర్చుని సాయంత్రానికి పూర్తి చేసి, గుడ్డ కప్పేశారు. "రేపే చూడాలి," అన్నారు గర్వంగా.

ఆదివారం పొద్దున్న కొట్టు ముందు వీధివాళ్ళంతా చేరారు. అమ్మ కొత్త టేపు మెడలో వేసుకుంది. నాన్న గుడ్డ లాగారు.

ఎడమవైపు బొమ్మలో కోటు, టోపీ వేసుకుని నవ్వుతూ ఒక దొరబాబు. మధ్య బొమ్మలో భయంకరమైన ధూళి, ధూళిలో అమ్మ ముఖం, ఒక కత్తెర, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా 'ధన్!' కుడివైపు బొమ్మలో అదే మనిషి, ఒంటి మీద పీలికలతో ఏడుస్తున్నాడు.

ఇన్నాళ్ళూ జపాను పద్ధతిలో గీసీ గీసీ నాన్న చెయ్యి బోర్డును కూడా కుడి నుంచే మొదలుపెట్టింది! కుడి నుంచి చదివితే వ్యాపారం, ఎడమ నుంచి చదివితే అఘాయిత్యం.

మొదట వచ్చినవాడు తపాలా ఆఫీసు పెద్దాయన. కొత్త కోటులో, మంచి మనసుతోనే వచ్చాడు. తలెత్తి బోర్డు చూశాడు. కోటును రెండు చేతులతో దగ్గరికి లాక్కుని వీధి దాటి వెళ్ళిపోయాడు.

ఐదు నిమిషాల దర్జీ తన గుమ్మంలోంచి కేకేశాడు. "ఏమ్మా, చింపడం ఎన్నాళ్ళు పడుతుంది? మేమైతే ఐదు నిమిషాల్లో చింపేస్తాం!"

జనం ఘొల్లుమన్నారు. పిల్లలు 'ధన్! ధన్!' అంటూ ఒకరి చొక్కాలు ఒకరు లాక్కున్నారు. కొట్టులోకి మాత్రం ఎవరూ రాలేదు.

అమ్మ తిడితే మాకు భయం లేదు, అది రోజూ ఉండేదే. ఈసారి మాత్రం అమ్మ లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుని, ఎవరిదీ కాని ఒక గుడ్డముక్కను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. వెనక గది కిటికీ దగ్గర అన్నేళ్ళు కూర్చుని ఈ గుమ్మం దాకా వచ్చిన మనిషి ఆమె. నాన్న అది చూశారు. ఏడు లోకాలూ ఆయన ముఖంలోనే కూలిపోయాయి.

ఒక పొడవాటి కర్ర తీసుకుని నాన్న బోర్డు కిందికి ఉరికారు. "అయ్యా, అమ్మా! కుడి నుంచి చదవాలి! కుడి నుంచి!"

"ఎవరి కుడి? మా కుడా, బోర్డు కుడా?" అన్నారెవరో.

"మీ కుడే! జపానులో ఇలాగే చదువుతారు!"

"అయితే బట్టలు కుట్టించుకోవడానికి జపాను నుంచి వస్తారా?"

"మరి ఆ మధ్యలో ధూళేంటి?"

"వేగం! మా ఆవిడ కుట్టే వేగం!"

ముందు వరుసలో గ్రంథాలయం మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "అన్నీ సరే. కుట్టే ఆవిడకు చేతులేవి?"

నాన్న చేతుల్లోని కర్రను మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నారు, అచ్చు ధీరధీలా.

అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. బోర్డును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"నిచ్చెన పట్టుకోండి," అంది నాన్నతో.

"ఏం చేస్తావే? చేతులు కాలాక ఆకులు పట్టుకుని..."

"చేతులే లేవు కదండీ, కాలడానికి. పట్టుకోండి."

అమ్మ నిచ్చెనెక్కి, బట్టల మీద గీతలు గీసే సుద్దతో బొమ్మల కింద పెద్ద అక్షరాలతో రాసింది.

చేతులు లేనివాటికి చేతులు కుట్టబడును.

జనం ఒకసారి చదివారు. రెండోసారి చదివారు. అప్పుడు నవ్వారు. అది ఇందాకటి నవ్వు కాదు. చేతుల్లేని చొక్కా తొడుక్కున్న ఒకాయన తన భుజాలు తానే చూసుకుని మరీ నవ్వాడు.

కింద నిచ్చెన పట్టుకున్న నాన్నకు మాత్రం ప్రాణం ఆగలేదు. "ఏమోయ్, వరస వంకరపోయింది. 'కు' కిందికి జారింది."

"వంకరైనా నా చేతులు కనిపిస్తున్నాయి కదండీ," అంది అమ్మ పైనుంచే.

గ్రంథాలయం మేడమ్ అందరికంటే ముందు లోపలికి నడిచింది. "నా గౌనుకు చేతులు పెట్టాలమ్మా. చలికాలం వస్తోంది." ఆవిడ వెనక చేతుల్లేని చొక్కా ఆయన. ఆయన వెనక ఇంకొకరు. చివరికి తపాలా ఆఫీసు పెద్దాయన కూడా వీధి దాటి వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. "నా కోటును ఏం చేయరుగా?"

"కుడి పక్క నుంచి లోపలికి రండి, ఏం కాదు," అంది అమ్మ.

ఎదురుగా రంగు బల్బులు పరిగెడుతూనే ఉన్నాయి, చూసేవాళ్ళు లేక.

నాన్న ఊపిరి పీల్చుకుని ఇంటి దారి పట్టబోతున్నారు. అంతలో మోచేతి దగ్గర చిరిగిన కోటుతో, చంకలో మా యుద్ధం మూటతో, మా ఇల్లు వెతుక్కుంటూ సంపాదకుడు వచ్చాడు. అమ్మను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కంటకం!" అన్నాడు.

"ఎవరికండీ?" అంది అమ్మ.

నాన్న చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. శత్రుసైన్యం మొత్తం నాకు ఆయన ఒక్కడిలోనే కనిపించింది.

సంపాదకుడు పాపం అమాయకంగా "ఇదిగోండి మీ మాంగా" అంటూ మూట విప్పి మిషను మీద పెట్టాడు. అమ్మ సూదిని పెదవుల మధ్య పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ధూళిని దాటింది. జేబుల సైన్యాన్ని దాటింది. "సోమవారం సెలవు" దగ్గర ఆమె భుజాలు ఊగాయి. కంటకం బొమ్మ దగ్గర ఆగి, సూది తీసి పక్కన గుచ్చింది.

"ఈవిడ ఏం చేస్తుంది?"

"ఏడు లోకాలను గడగడలాడిస్తుంది," అన్నారు నాన్న నేల చూపులు చూస్తూ.

"చివర్లో చస్తుందా?"

"చంపుదామనే అనుకున్నానే. ఎన్నిసార్లు గీసినా నా వల్ల కాలేదు. కుడి నుంచి మొదలుపెట్టినా నువ్వే గెలుస్తున్నావు, ఎడమ నుంచి మొదలుపెట్టినా నువ్వే గెలుస్తున్నావు."

అమ్మ చాలాసేపు ఆ ముఖాన్నే చూసింది. "మాంగా అట మాంగా. ఇది దొంగ పని," అంది. కానీ ఆ కాగితాన్ని మాత్రం మడత పడకుండా తీసి, తన కొలతల పుస్తకం కింద భద్రంగా పెట్టుకుంది.

"చేతులొచ్చాక మళ్ళీ పట్టుకురండి," అన్నాడు సంపాదకుడు నాన్నతో, కోటు విప్పి అమ్మకిస్తూ. "వచ్చే ఏడు కూడా పోటీ ఉంది."

ఇప్పుడు నాన్న సాయంత్రాలు కొట్టులోనే ఉంటున్నారు, అమ్మ చేతులు చూసి గీయడానికి. మొదటి రోజు కాగితం, పెన్సిలు పట్టుకుని కుర్చీలో కూర్చోగానే అమ్మ కత్తెర ఆపింది.

"ఊరికే చూస్తే వస్తాయా చేతులు? చేస్తే వస్తాయి," అంటూ ఒక సూది, డబ్బాడు గుండీలు ఆయన ముందు పెట్టింది. "ఇవి కుట్టండి. మధ్య మధ్యలో గీసుకోండి."

బోర్డు అలాగే ఉంది. సుద్ద రాతను నాన్న అదే వంకరలో, జారిన 'కు'తో సహా, రంగుతో దిద్దారు. సరిచేయడానికి వీల్లేదని అమ్మ ముందే చెప్పింది.

ధీరధీకి చేతులొచ్చాయి. నిన్న కొత్త పేజీ చూశాను. ఐదేసి వేళ్ళే ఉన్నాయి, లెక్కపెట్టాను. కంటకం ఎదుట నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో గుండీ.

"నాన్నా, మరి యుద్ధమేదీ?" అన్నాను.

"ఆ మూడో గుండీ ఊడిపోయిందండీ, మళ్ళీ కుట్టండి," అని లోపలి నుంచి అమ్మ కేక.

నాన్న కట్టు కట్టిన వేలు నాకు చూపించి, సూదిలో దారం ఎక్కిస్తూ, "జరుగుతోందిగా తల్లీ," అన్నారు.